సీటు కింద ఇంజను

మా షోరూముకి వచ్చేవాళ్ళలో కొల్లేరు వైపువాళ్ళని గుర్తుపట్టడం పెద్ద పని కాదు. ఏలూరు టౌనువాళ్ళు ముందు రంగు చూసేవారు. తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు ఎలా ఉందో వినేవారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఉల్లిపాయల వ్యాపారులు వెనక తొట్టి దగ్గర నిలబడి అందులో బస్తాలు ఎలా పేర్చాలో కళ్ళతోనే పేర్చుకునేవారు. కొల్లేరు వాళ్ళు మాత్రం చెప్పులు బయట విడిచి లోపలికి వస్తూనే, "ఏవండీ, ఓసారి సీటు ఎత్తండి" అనేవారు. మేం అమ్మే చిన్న పికప్ బండిలో ఇంజను డ్రైవరు సీటు కింద ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను వట్లూరు దగ్గర ఆ షోరూములో సేల్స్ పనికి చేరాను. డిగ్రీ అయిపోయింది, ఇంకేమీ తోచలేదు, టై కట్టుకునే ఉద్యోగం కదా అని మా అమ్మ సంతోషించింది. బండి గురించి కంపెనీవాళ్ళు నాకు నేర్పిన పాఠం కొల్లేరు వాళ్ళ దగ్గర ఒక్కనాడూ పూర్తిగా అప్పజెప్పలేకపోయాను. వాళ్ళు వినరు. సీటు ఎత్తించి, ఇంజను ఇనుములో పోతపోసి ఉన్న పేరుని వేలితో తడిమి చూసుకుని, "ఆ, ఇదేనండి" అని తల ఊపేవారు. బండి ముఖం మీద మా కంపెనీ పేరు ఇంత లావు అక్షరాలతో మెరుస్తూ ఉండేది. దాన్ని ఆగి చదివిన కొల్లేరు మనిషిని నేను చూడలేదు.

ఆ ఇంజను మా కంపెనీ చేసింది కాదు. మావాళ్ళు బాడీ, చాసిస్, గేర్లు తయారుచేసుకుని, డీజిల్ ఇంజను మాత్రం వేరే కంపెనీ దగ్గర తీసుకునేవారు. ఇద్దరికీ ఒప్పందం ఉంది. ఆ రెండో కంపెనీ కొల్లేరుకి మాకంటే చాలా ముందే వచ్చింది. చేపల చెరువుల గట్ల మీద కూర్చుని నీళ్ళు తోడే ఇంజన్లు ఎక్కువగా వాళ్ళవే. అందుకని మా బండిని కూడా జనం ఆ ఇంజను కంపెనీ పేరుతోనే పిలిచేవారు. బిల్లు మీద మా పేరు, నోట్లో వాళ్ళ పేరు. మా ఓనరుగారికి ఇది కొంచెం చిన్నతనంగా ఉండేదిగానీ, బండ్లు అమ్ముడుపోతున్నాయి కాబట్టి పైకి అనేవారు కాదు.

బండి చూడ్డానికి వచ్చేటప్పుడు వాళ్ళు చెరువు ఇంజను బాగుచేసే మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చేవారు, పెళ్ళిచూపులకి పెద్దమనిషిని తీసుకొచ్చినట్టు. అతను కుర్చీలో కూర్చోమన్నా కూర్చోడు. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చెయ్యమని, తల పక్కకి వంచి వింటూ నిలబడేవాడు. అతను సరేనన్నాకే బేరం. బండి తీసుకువెళ్ళే రోజున చక్రం ముందు కొబ్బరికాయ కొట్టేవారు గానీ పసుపు కుంకుమ మాత్రం సీటు ఎత్తి ఇంజనుకి పెట్టేవారు. ఓనరుగారు ఫొటోలో కంపెనీ పేరు పడాలని, "ముందు కూడా ఓ బొట్టు పెట్టండి బాబూ" అని బతిమాలేవారు. పాపం కాదనలేక, ఆయన కోసం ముందు కూడా పెట్టేవారు.

ఈ భక్తి ఎందుకో నాకు మా అక్కావాళ్ళ ఇంట్లో అర్థమైంది. అక్కని ఇచ్చింది కైకలూరుకీ ఆకివీడుకీ మధ్య, కొల్లేరు అంచున ఉన్న ఊళ్ళో. బావగారి వాళ్ళది వ్యవసాయం చేసిన కుటుంబమే. అందరితోపాటు వాళ్ళూ వరి వదిలి చేపలకి దిగారు. నేను ఉద్యోగంలో చేరిన యేడే ఆయన మా దగ్గర బండి కొన్నారు. నా మొహం చూసి కొన్నారని నేను అనుకున్నాను. ఆ వానాకాలం అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ భ్రమ తీరిపోయింది.

ఆ ఉదయం మబ్బు పట్టి గాలి స్తంభించింది. అలాంటప్పుడు తెల్లవారేసరికి చెరువు నీళ్ళలో చేపలకి ఊపిరి చాలదు. అన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని తిరుగుతాయి. వెంటనే కాలవలోంచి కొత్త నీళ్ళు తోడి పైనుంచి ధారగా పడెయ్యాలి. ఆలస్యమైతే పంట పోతుంది. ఆ వేళకి కరెంటు ఉండదు. ఇంజనే దిక్కు. గట్టు మీద బావగారి ఇంజను కాసేపు దగ్గి ఆగిపోయింది. నేను మెకానిక్కు కోసం పరిగెత్తబోయాను గానీ ఆయన కంగారు పడలేదు. నడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్ళి, సీటు ఎత్తి, స్పానరుతో నాజిల్ ఊడదీశారు. ఇంజనులోకి డీజిల్‌ని చిమ్మే ముక్క అది, వేలెడంత ఉంటుంది. దాన్ని తెచ్చి గట్టుమీది ఇంజనుకి బిగించి హ్యాండిల్ తిప్పారు. అక్క ఇచ్చిన కాఫీ చల్లారకముందే నీళ్ళు పడుతున్నాయి.

"రెండూ ఒక తల్లి పిల్లలు బావా," అన్నారాయన చెయ్యి తుడుచుకుంటూ. "అందుకే ఈ బండి కొన్నాను. బండి ఇంటి దగ్గరుంటే గట్టు మీద ఇంకో ఇంజను ఉన్నట్టే."

"నా కోసం కొన్నారనుకున్నానండీ," అన్నాను.

"నీ కోసం కూడానూ," అన్నారు నవ్వి. ఎండ వచ్చి చేపలు అడుక్కి దిగాక నాజిల్ మళ్ళీ బండికి బిగించి, అదే బండిలో ఏలూరుకి లోడు తీసుకెళ్ళారు. నన్ను కూడా ఎక్కించుకున్నారు.

కొల్లేట్లో అందరిదీ అదే పద్ధతి. చెరువు ఇంజనుకి స్పేరు ముక్క కొని పెట్టుకోవడం అంటే వాళ్ళకి దుబారా. బండే స్పేరు. కొనేవాళ్ళు లేక కైకలూరు కొట్లలో ఆ ముక్కలు పెట్టడం తగ్గించేశారు. మా కంపెనీకి ఈ సంగతి తెలియదు. ఒకసారి హైదరాబాదు నుంచి వారంటీ చూసే ఇంజనీరుగారు వచ్చారు. బండి తిరిగింది కొంచెమే, నాజిల్ అరిగింది చాలా, పైగా దాని చుట్టూ నల్లటి చెరువు బురద. ఇది ఎలా జరిగిందని ఆయన అడిగితే షెడ్డులో అందరం పైకప్పు చూశాం. రోడ్లు బాగోవండీ అన్నారు ఓనరుగారు. ఆయన అదే రాసుకుని వెళ్ళారు.

ఆ దశాబ్దం మధ్యలో కొల్లేరు సరస్సుకి హద్దు గీసి, లోపలి చెరువులన్నీ కొట్టెయ్యాలని ప్రభుత్వం పూనుకుంది. పొక్లెయిన్లు దిగి గట్లు కోశాయి. బావగారి చెరువులు చాలావరకు ఆ హద్దు లోపలే ఉన్నాయి, అన్నీ పోయాయి. మిగిలింది ఊరి పక్కన, హద్దుకి ఇవతల, తాతలనాటి వరి చేలో తవ్విన ఒక్క చెరువు. సరస్సు సరస్సులా ఉండాలన్న మాటని నేను కాదనను. మా అక్క ఏడుపుని కూడా కాదనను. "ఈ ఒక్కటీ నిలబడితే మా తిండి మేం తింటాంరా," అంది అక్క. "ఇదీ పోతే మీ బావ ఇంకొకళ్ళ గట్టు మీద కూలికి నిలబడాలి." బావగారు ఆ మాట వినిపించనట్టు వల బాగుచేసుకుంటున్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా ఆయన ఇంట్లో కంటే గట్టు మీదే ఎక్కువ ఉండేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కంపెనీకీ ఇంజను కంపెనీకీ తెగిపోయింది. పొగ నిబంధనలు మారుతున్నాయట, కొత్త ఇంజను కావాలట, పాతవాళ్ళతో కుదరలేదట. మావాళ్ళు ఇంకో ఇంజను కంపెనీతో చెయ్యి కలిపారు. విజయవాడ హోటల్లో మాకు ట్రైనింగు పెట్టి ఈ సంగతి చెప్పారు. కోటు వేసుకున్న ట్రైనరు, "కస్టమరు మన బ్రాండులో ఏం చూసి కొంటున్నాడు?" అని అడిగాడు. వెనక బెంచీలోంచి భీమవరం సేల్స్ అతను, "ఇంజను చూసండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "ఇకనుంచి బ్రాండు చూసి కొనేలా మీరే చెయ్యాలి," అన్నాడు ట్రైనరు. పాత ఇంజను కంపెనీ పేరు షోరూములో ఎత్తకూడదని కూడా చెప్పాడు. ఆ రోజు భోజనం బాగుంది.

కొత్త ఇంజను చెడ్డదని నేను ఇప్పటికీ అనను. చప్పుడు తక్కువ, పొగ తక్కువ, డీజిల్ కూడా తక్కువే తాగేది. బండి బయటికి చూస్తే ఏమీ మారలేదు, అదే ముఖం, అదే పేరు, అదే రంగులు. ఇన్నాళ్ళూ పేరు మాది, నమ్మకం వాళ్ళది. రెండూ ఒకే బండిలో తిరిగినన్నాళ్ళు ఎవరిది ఏదో విడదీసి చూడాల్సిన పని పడలేదు. ఇప్పుడు కొల్లేరు వాళ్ళు వచ్చి, సీటు ఎత్తించి, వేలితో తడిమి, మర్యాదగా సీటు దించేసి, "మళ్ళీ వస్తామండీ," అని చెప్పులు వేసుకునేవారు. వాళ్ళు మళ్ళీ రారని నాకు తెలుసు.

వాళ్ళంతా తాడేపల్లిగూడెం వెళ్ళారు. పాత ఇంజను కంపెనీ ఊరుకోలేదు, మాకు పోటీగా ఉన్న ఇంకో బండి కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ బండి షోరూము గూడెంలో తెరిచారు. దాని పేరు అంతకుముందు మా వైపు ఎవరికీ తెలియదు. అయినా మొదటి రోజే సీటు ఎత్తి చూసుకుని కొనుక్కున్నారు. మా స్పేరు పార్టుల గదిలో ఉన్న పాత ఇంజను ముక్కలన్నిటినీ అట్టపెట్టెల్లో కట్టి వెనక్కి పంపించెయ్యమని మాకు ఆర్డరు వచ్చింది. ముక్కలు దొరక్క, మేం అమ్మిన పాత బండ్లు కూడా సర్వీసుకి గూడెమే వెళ్ళడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటు లేని మా షెడ్డులో కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుకునేవారు.

బావగారి బండికి చేపల నీళ్ళు కారి కారి అడుగు రేకు తినేసింది. తొక్కితే కాలు రోడ్డు మీద పడేలా ఉంది. కొత్తది కొంటానని మెకానిక్కుని తీసుకుని మా షోరూముకి వచ్చారు. నేను ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, "బావగారూ, ఇక్కడ కొనకండి. గూడెం వెళ్ళండి," అన్నాను. సేల్స్ వాడు అనవలసిన మాట కాదు అది. అయినా అన్నాను.

మెకానిక్కు అప్పటికే సీటు ఎత్తి ఇంజను చప్పుడు విన్నాడు. "ఇంజను మంచిదేనండీ," అన్నాడు. "మన ఇంజను మాత్రం కాదండీ. దీని ముక్క దానికి పట్టదు."

"విన్నారుగా," అన్నాను నేను.

బావగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "బావమరిది ఏలూరులో ఉండగా గూడెంలో బండి కొన్నానంటే ఊళ్ళో ఏమనుకుంటారు బావా? మీకూ మాకూ ఏదో తేడా వచ్చిందనుకోరూ? అది నీకు బాగోదు, మీ అక్కకీ బాగోదు. మీ ఓనరుగారు మాత్రం ఏమనుకుంటారు?"

"ఏవన్నా అనుకోనివ్వండి. ఆ ఇంజను ఆగితే ఏం చేస్తారు?"

"మొన్ననే బాగుచేయించాను. ఏమీ కాదులే."

"పోనీ స్పేరు నాజిల్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి."

"కొంటాలే. కైకలూరులో చెప్పి ఉంచాను," అన్నారు. ఆ గొంతులోనే తెలిసింది, చెప్పలేదని. అక్క కూడా ఆయనతో, తమ్ముడు వద్దంటున్నాడు కదా వద్దు అని చెప్పిందట. ఆయన ఇద్దరి మాటా వినలేదు. పాత బండిని తుక్కు కింద అమ్మేశారు. బండి కొన్నారు. నలుగురూ చూసేలా ఓనరుగారికి దండ వేశారు, నాకు స్వీటు పెట్టారు. బొట్టు కూడా ఈసారి అడగకుండానే బండి ముందు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వైపు మర్యాద గురించి బయటివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మర్యాదని ఆవేళ చొక్కా పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

ఆ పైయేడు వానాకాలం, ఇంకా సరిగ్గా తెల్లవారకుండానే అక్క ఫోను చేసింది. రెండు రోజులుగా మబ్బు. చేపలు తేలాయి. గట్టుమీది ఇంజను నాజిల్ పట్టేసింది. మెకానిక్కు వచ్చి కొత్త బండి సీటు ఎత్తి దాని నాజిల్ తీసి చూశాడట. మర కలవలేదు, పొడవు కలవలేదు. కైకలూరు కొట్టతను పెళ్ళికని ఊరు వెళ్ళాడు, షట్టరు దించి ఉంది. చుట్టుపక్కలవాళ్ళని అడగడానికి లేదు. మబ్బు అందరి చెరువుల మీదా ఉంది, ఎవరి ఇంజను వాళ్ళ గట్టు మీద నడుస్తోంది. పాత ఇంజను బండ్లున్నవాళ్ళు అప్పటికే లోడ్లతో వెళ్ళిపోయారు. "మీ బావ నీళ్ళలో దిగి చేతులతో కొడుతున్నాడురా," అంది అక్క. "నీళ్ళు కదిలితే కొంచెం ఊపిరి ఆడుతుందని."

నేను బైకు మీద షెడ్డుకి పరిగెత్తాను. పాత బండి ఒక్కటైనా సర్వీసుకి వచ్చి ఉంటే దాని ముక్క ఊడదీసుకుని నేరుగా కొల్లేరు రోడ్డు పట్టేవాణ్ణి. ఎవరి బండి అయినా సరే, తర్వాత మాట పడదాం అనుకున్నాను. షెడ్డు ఖాళీగా ఉంది. స్పేరు పార్టుల గదిలో కొత్త ఇంజను ముక్కలు వరసగా, శుభ్రంగా, ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పనికిరాదు. తర్వాత కొల్లేరుకి వ్యతిరేక దిక్కున, గూడెం వైపు బైకు తిప్పాను.

గూడెం షోరూములో పార్టుల కౌంటరతను ఇల్లు వెనకే. లేపితే లుంగీతోనే వచ్చి తాళం తీశాడు. నా చొక్కా మీద మా కంపెనీ పేరు చూసి, "ఇది మీ బండికి పట్టదు కదండీ," అన్నాడు.

"బండికి కాదండీ. చెరువుకి," అన్నాను.

అతను వెంటనే అరలోంచి నాజిల్ తీశాడు. ముక్క చేతిలో పెట్టి, "ముందు వెళ్ళండి, మిగతాది తర్వాత చూసుకుందాం," అన్నాడు. ఉండి, ఆకివీడు మీదుగా వెళ్ళాను. దారి పొడుగునా చెరువుల మీద ఇంజన్లు కొడుతున్నాయి. ఆ చప్పుడు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆవేళ మాత్రం భరించలేకపోయాను.

నేను వెళ్ళేసరికి పొద్దెక్కింది. మబ్బు విడిపోయి ఎండ కూడా వచ్చింది. చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లగా ఉంది. మెకానిక్కు నా చేతిలోంచి నాజిల్ తీసుకుని ఇంజనుకి బిగించాడు. మొదటి తిప్పుకే అందుకుంది. నీళ్ళు లావుగా, చల్లగా వచ్చి పడ్డాయి. పడిన చోట చచ్చిన చేపలు పక్కకి జరిగి మళ్ళీ వచ్చాయి. ఇంజను ఆపమని ఎవరూ అనలేదు. చాలాసేపు అలా నడిచింది.

కూలీలు చేపల్ని తోడి కొత్త బండిలో వేస్తున్నారు. ఐసుకి పనికిరావు, ఊరి బయట గొయ్యి తీసి పూడ్చాలి. బావగారే నడిపారు. బరువుతో బురదగట్టు ఎక్కుతూ బండి ఎక్కడా ఆగలేదు, పొగ వదల్లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి వచ్చింది. మధ్యలో ఒకసారి దిగి నా దగ్గరికి వచ్చారు. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఆయన ఏమైనా అంటే బాగుండుననిపించింది. తిడితే ఇంకా బాగుండును.

"బండి బాగా లాగుతోంది బావా," అన్నారు. "నీకు మాట రాలేదులే."

నేను గట్టు దిగి పక్కకి పోయి ఏడ్చాను. అక్క ఏడవలేదు. అన్నం తిని వెళ్ళమంది. నాకు వడ్డిస్తూ, "నీ మాట వినమన్నాను. నీకు తలవంపులు అవుతుందన్నాడు," అని మాత్రం అంది.

ఆ చెరువు తర్వాత అప్పుల కింద చేతులు మారింది. బావగారికి మిగిలింది బండే. దాన్ని కిరాయికి తిప్పడం మొదలుపెట్టారు. అక్క భయపడినట్టు కూలికి నిలబడలేదుగానీ, ఇంకొకళ్ళ చేపలు, ఇంకొకళ్ళ ఐసు మోశారు. బండి మాత్రం ఒక్కరోజు కూడా మొండికెయ్యలేదు. కొత్త ఇంజను గురించి ట్రైనరు చెప్పినవన్నీ నిజమే.

దశాబ్దం చివరికి వచ్చేసరికి మా కంపెనీకి జ్ఞానోదయమైంది. కొల్లేరు వైపు మా బండి కొనేవాడు లేడు, ఆ కొత్త ఇంజను కంపెనీతోనూ చెడింది. మళ్ళీ పాతవాళ్ళ దగ్గరికే వెళ్ళి ఒప్పందం చేసుకున్నారు. మళ్ళీ విజయవాడ, మళ్ళీ హోటలు. ఈసారి ట్రైనరు వేరు. ఇప్పుడు ఇంజను కంపెనీ పేరు గట్టిగా చెప్పమన్నాడు, బండి తలుపు మీద కూడా రాయించారు. పాత కస్టమర్లని స్వయంగా కలిసి ఈ శుభవార్త చెప్పమన్నారు.

మొదట బావగారికే చెప్పాను. ఇంటి ముందు బకెట్టు పెట్టుకుని బండి అద్దం తుడుస్తున్నారు. ఒకప్పుడు గట్టుకి వెళ్ళే దారిలో ఎవరిదో కొత్త కంచె కనిపిస్తోంది.

"పాత ఇంజను మళ్ళీ వచ్చింది బావగారూ," అన్నాను.

ఆయన తుడవడం ఆపలేదు. "మంచిదేగా. నీకు ఇక ఇబ్బంది ఉండదు," అన్నారు. గుడ్డ పిండి, మళ్ళీ అద్దం మీద వేశారు. "నాకు ఇప్పుడు ఏదైనా ఒకటే బావా. చెరువు లేదుగా. బండి మార్చాల్సి వస్తే మాత్రం నీ దగ్గరే కొంటాలే."